మామ పేరు మీద సీసా

లాండ్రీ అత్తకి ఒక జబ్బుంది. నవ్వకూడని చోట నవ్వొస్తుంది. పెళ్లైన కొత్తలో వాళ్ల అత్తగారు కాలు జారి నీళ్ల బకెట్లో కూలబడితే, లేపడానికి చెయ్యందించి, నవ్వలేక చచ్చి తనూ పక్కనే కూలబడింది. ఇద్దర్నీ లేపడానికి పక్కింటివాళ్లు రావాల్సొచ్చింది. "నవ్వు నాలుగు విధాల చేటే తల్లీ" అని కన్నతల్లి నెత్తీ నోరూ కొట్టుకునేది. "మిగతా మూడూ ఏంటమ్మా?" అని అడిగి మళ్లీ నవ్వేది ఈవిడ. అలాంటి మనిషిని ఎవరేం బాగుచేస్తారు చెప్పండి!

మరి పని దగ్గరికొస్తే? అబ్బో, ఆవిడ పని తీరే వేరు. ఆ లాండ్రీ షాపులో అద్దాల తలుపు తీయగానే ఆవిరి మొహాన కొడుతుంది. వెనక నానబెట్టే తొట్టెలు, పైన కడ్డీకి వేలాడే కోట్లు, కర్టెన్లు. బట్ట లోపలికి రాగానే అత్త కాలరు లోపల రంగుదారంతో చిన్న ముడి వేస్తుంది. ఒక్కో ఇంటికి ఒక్కో రంగు. బ్యాంకు మేడమ్‌కి ఎరుపు, పై అంతస్తు కవలలకి ఒకరికి పచ్చ, ఒకరికి పసుపు. ఇన్నేళ్లలో ఒకరి చొక్కా ఇంకొకరింటికి పోయిన పాపాన పోలేదు. "మా ముడి పడిందంటే దేవుడొచ్చినా తారుమారు చెయ్యలేడు" అని కౌంటరు దగ్గర మామ మీసం దువ్వుకుంటూ చెప్తుంటాడు. ముడి వేసేది అత్త, గొప్పలు చెప్పేది మామ. వాళ్ల కాపురం ముప్పాతిక భాగం ఇదే.

మామ ఇస్త్రీలో మొనగాడే, కాదనను. ఆయన ప్యాంటు మడత పెడితే ఆ అంచుతో కూరగాయలు తరగొచ్చు. కానీ మనిషి పైన పటారం, లోన లొటారం. ఇస్త్రీపెట్టె ఆవిరి వేలికి తగిలితే ఆ పూట పడకేస్తాడు. ఏ పనైనా సగం చేసి, "ఏమేవ్, ఇది కొంచెం కానిచ్చెయ్యవూ" అంటాడు. సగం తవ్విన కుండీ, సగం దిద్దిన మీసం రంగు, సగం బిగించిన బల్బు, అన్నీ అత్త ఖాతాలోకే. ఒకసారి డాక్టరు ఇద్దరికీ బలం మాత్రలు రాస్తే, చేదుగా ఉన్నాయని ఆయన పక్కన పెట్టిన వాటా కూడా ఈవిడే మింగింది. నెల తిరిగేసరికి మామ అద్దంలో చూసుకుని, "బాగా పనిచేశాయే, చూడు నా రంగు!" అన్నాడు. అత్త పొట్ట పట్టుకుని తొట్టె అంచు మీద కూర్చుండిపోయింది.

ఇలా నడుస్తుండగా ఓ పొద్దున ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మాయి వచ్చింది. యాభై దాటిన వాళ్లందరికీ వీధి వీధినా పొట్లాలు పంచుతోంది. అత్తకొకటి, మామకొకటి కౌంటరు మీద పెట్టి, పెద్ద గొంతేసుకుని మొదలెట్టింది.

"పేగుల్లో క్యాన్సర్ ఉన్నా, క్యాన్సర్ కాబోయే కండ ఉన్నా, మలంలో కంటికి కనపడనంత రక్తం పడుతుంది మామయ్యా. ఇదిగో, ఈ సీసా మూత తిప్పితే పుల్ల వస్తుంది. టాయిలెట్‌లో కాగితం పరుచుకుని, నీళ్లు తగలకుండా పట్టుకుని, ఆ పుల్లతో అక్కడక్కడా అలా గీకి..."

"అమ్మా, తల్లీ, కస్టమర్లున్నారు!" అన్నాడు మామ. మొహం కందగడ్డయిపోయింది.

కర్టెన్లు ఇవ్వడానికొచ్చిన టీచరమ్మ మాత్రం కళ్లజోడు సవరించుకుని, "ఎంత గీకాలమ్మా, కొంచెమా, దండిగానా?" అని శ్రద్ధగా అడిగింది. అంతే. అత్త కోట్ల వెనక్కి పారిపోయింది. కోట్లన్నీ ఊగుతున్నాయి.

"పుల్ల గాట్లు నిండితే చాలు" అంది నర్సమ్మాయి ఏమాత్రం తొణక్కుండా. "ఏ బాధా తెలీని రోజుల్లోనే పట్టుకోవాలి. అప్పుడైతే నయమైపోతుంది."

అత్త తన పని మర్నాడే కానిచ్చేసింది. సీసా మూత బిగించి, పేరు అంటించి, చల్లటి చోట ఉంచమన్నారు కదాని కవర్లో చుట్టి ఫ్రిజ్ తలుపులో పెట్టింది. మామ మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తీసి, సంగతి తెలిసి, ఆ రోజంతా కుళాయి నీళ్లే తాగాడు. సాయంత్రం అత్త సీసా ఆరోగ్య కేంద్రానికి చేరింది. మామ సీసా మాత్రం సబ్బుపొడి డబ్బా వెనక నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.

నర్సమ్మాయి ఫోన్ చేసింది. మామ "రేపు" అన్నాడు. మళ్లీ చేసింది. మళ్లీ "రేపు" అన్నాడు. చివరికి ధైర్యం తెచ్చుకుని పుల్ల పట్టుకుని లోపలికెళ్లాడు. కాసేపటికి ముచ్చెమటలతో బయటికొచ్చాడు.

"ఆ పుల్ల చూడగానే లోపలిది లోపలే ఆగిపోయిందే" అన్నాడు దీనంగా. గుమ్మం పట్టుకుని నిలబడి, గొంతు సవరించుకున్నాడు. "ఏమేవ్..."

"వద్దు."

"నేనింకా ఏమీ అనలేదే!"

"ఆ 'ఏమేవ్' వెనకాల ఏముందో నాకు తెలుసు. ఇది మాత్రం నా వల్ల కాదు. ఎంత మొగుడైతే మాత్రం!"

"అది కాదే, కాస్త బుర్ర పెట్టి ఆలోచించు. ఒకే పొయ్యి మీద వండింది తింటున్నాం. ఒకే ఉప్పు, ఒకే నీళ్లు. నేనొక ముద్ద తింటే నువ్వొక ముద్ద తింటావు. నీ కడుపైతేనేం, నా కడుపైతేనేం? లోపల సరుకు ఒకటేగా!"

ఇంత అఘాయిత్యపు వాదన అత్త జన్మలో వినలేదు. 'కాదు' అందామని నోరు తెరిస్తే నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుందామంటే ఎక్కిళ్లొచ్చాయి. ఆ ఎక్కిళ్ల మధ్య తల ఎటు ఊపిందో ఆవిడకే తెలీదు, మామ మాత్రం 'సరే' అన్నట్టు తీసుకుని హాయిగా ఇస్త్రీకి పోయాడు. మర్నాడు పొద్దున్నే అత్త రెండో సీసా కూడా నింపేసింది. మామ పేరు అంటిస్తుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఒకరి కాలరుకి ఇంకొకరి దారం కట్టినట్టే ఉంది మరి. 'పోనిద్దూ, ఆ పిల్ల ఫోన్ల గోల వదులుతుంది' అనుకుని అంటించేసింది.

కొన్నాళ్లకి ఫోనొచ్చింది. అత్త చేతులు సబ్బునురగలో ఉన్నాయి. మామ స్పీకరు నొక్కి పట్టుకున్నాడు.

"అత్తా, మీది బాగుంది, రక్తం జాడ లేదు" అంది నర్సమ్మాయి. తర్వాత గొంతు కొంచెం నెమ్మదించింది. "మామయ్య దాంట్లోనే రక్తం కనపడింది. కంగారు పడకండి, క్యాన్సర్ అని కాదు. మొలలున్నా పడుతుంది, ఇంకో కారణమైనా ఉండొచ్చు. కానీ పెద్దాసుపత్రిలో గొట్టంతో పేగు లోపల చూడాలి. ఆలస్యం చెయ్యకూడదు."

మామ ఫోను కింద పెట్టాడు. టీచరమ్మ కర్టెన్ల గుట్ట మీద కూర్చున్నాడు. "అయిపోయిందే" అన్నాడు. "నా పనైపోయింది."

ఇక చూడండి ఆ పూట మామ చేసిన హడావిడి! పక్క సెలూన్ బావతో ఆయనకి మాటల్లేవు. ఎండ పడని చోట కుర్చీ ఎవరు వేసుకోవాలన్న తగువు. తిన్నగా సెలూన్లోకి పోయి, నురగ పూసుకున్న గిరాకీ ముందే, "బావా, ఆ నీడ నువ్వే తీసుకో. నాకిక నీడెందుకు?" అన్నాడు. సెలూన్ బావ కత్తి కింద పెట్టేసి కావలించుకున్నాడు. "బావా, తప్పు నాదే, కుర్చీ నువ్వే వేసుకో" అని ఏడ్చాడు. నురగ మొహం గిరాకీ కూడా కళ్లొత్తుకున్నాడు పాపం, ఎందుకో ఆయనకే తెలీదు. అక్కడి నుంచి మామ రోడ్డు మీద కనపడిన ప్రతివాడికీ క్షమాపణ చెప్పుకుంటూ వచ్చాడు. ఒకాయన బస్సు కోసం నిలబడ్డ కొత్త మనిషి. ఆయనా "పర్లేదండీ" అన్నాడు.

కూతురు స్కూలు వ్యాను నడుపుతుంది. పిల్లల్ని దింపేసి, వ్యాను షాపు ముందే ఆపి పరుగున వచ్చింది. మామ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని పంపకాలు మొదలెట్టాడు.

"ఆవిరి ఇస్త్రీపెట్టె నీకే తల్లీ. రేడియో కూడా. నా మంచి కోటు అల్లుడికి. భుజాలు కాస్త వదులవుతాయి, వాడికి భుజాలెక్కడున్నాయి! మీ అమ్మ నవ్వుతుంది, తప్పు పట్టకండి, అది దాని జబ్బు. కానీ అది ఒక్కతే అయిపోతుందమ్మా. ఒక్కతే పొద్దున్నే టీ కాచుకుంటుంది. రెండు కప్పులు తీసి, ఒకటి మళ్లీ లోపల పెట్టేస్తుంది."

అత్త నిజంగానే నవ్వుతోంది. కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వుతోంది. ఫోను పెట్టేసినప్పుడే ఆవిడకి అర్థమైంది. ఆ రక్తం ఎవరిదో మామ మర్చిపోయాడు. భయంలో మనిషికి మతి పోయింది. తన కడుపులో కూడా లేని దానికి వీధంతా తిరిగి వీడ్కోలు చెప్తున్నాడు. 'కడుపులో లేనిది కావలించుకుంటే వస్తుందా' అంటారు, ఈయనకి వచ్చేసింది!

ఆ నవ్వు వెనకే ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది. ఆయన్నే వెళ్లనిస్తే? గొట్టం వేస్తారు, చూస్తారు, ఏమీ లేదంటారు. గండం గడిచిందని ఆయన తిరిగొస్తాడు. అందరూ సంతోషిస్తారు. తన పేరు మీద ఎటూ 'బాగుంది' అనే వచ్చింది కదా, ఆ మంచిదే తనది అనుకుంటే సరి. ఎవరికీ ఏమీ తెలియదు. అత్తకి భయమేసింది. దాచడమెందుకు, ఆ నవ్వులమ్మకి ప్రాణభయం పట్టుకుంది. గొట్టమంటే భయం, ఆసుపత్రంటే భయం, అందులో ఏదైనా కనపడితే ఇంటికి ఏ మొహంతో రావాలోనని భయం.

మామ ఇంకా చెప్తూనే ఉన్నాడు. "నాకు అప్పుడే అనుమానం వచ్చిందమ్మా. ఆ పుల్ల పట్టుకుని లోపలికెళ్లినప్పుడే. లోపలిది లోపలే ఆగిపోయిందని మీ అమ్మతో కూడా అన్నాను. అన్నానా లేదా? అప్పుడు మీ అమ్మ..."

ఆగాడు.

మీసం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. కూతురు వైపు చూశాడు. ఇస్త్రీపెట్టె వైపు చూశాడు. చివరికి, చాలా మెల్లగా, అత్త వైపు తిరిగాడు. అత్త భుజాలు ఇంకా ఊగుతున్నాయి, కళ్ల వెంట నీళ్లు.

"నవ్వకే" అన్నాడు మామ. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఆ మాట అనడం అదే మొదలు. "అది నాది కాదు. నీది."

"ఏంటి నాన్నా? ఏది ఎవరిది?" అంది కూతురు. సంగతంతా ఇద్దరూ కక్కలేక మింగలేక చెప్పేసరికి, అది లేచి నిలబడి నడుం మీద చేతులేసుకుంది. "మీరసలు మనుషులేనా! ముక్కు చీదడం ఒక్కటే మిగిలింది అమ్మ చేత చేయించుకోనిది!"

"నా పేరు మీద బాగుందనేగా వచ్చింది" అంది అత్త మొండిగా. "ఒకటి బాగుంది, ఒకటి బాలేదు. దానికీ దీనికీ చెల్లు. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి, లెండి."

మామ లేచాడు. పొయ్యి కట్టేశాడు. మిట్టమధ్యాహ్నం, షాపు నిండా బట్టలు, గుమ్మంలో మూట పట్టుకున్న మనిషి, అలా ఉండగానే షట్టరు బరబరా కిందికి లాగేశాడు. వేలికి ఆవిరి తగిలితే పడుకునే మనిషి! షట్టరు అంచు గీరుకుని అరచేతిలో నెత్తురొచ్చినా చూసుకోలేదు.

"ఏవండీ, బ్యాంకు మేడమ్ సూటు సాయంత్రానికి ఇవ్వాలండీ!"

"ఇవ్వకపోతే నైటీలో పోతుంది బ్యాంకుకి! పద, వ్యానెక్కు!"

పిల్లలు ఎక్కే ఆ పసుపు వ్యానులో, మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే, ఇద్దరూ ఆరోగ్య కేంద్రానికి పోయారు. అక్కడ బెంచీల నిండా జనం. అత్త మామ చొక్కా పట్టుకుని, "మెల్లగా చెప్పండి, పక్కకి పిలిచి చెప్పండి" అని గొణుగుతోంది. ఎవరు వింటారు? 'కస్టమర్లున్నారు' అని సిగ్గుతో చచ్చిన ఆ మనిషే గుమ్మంలోంచే ఎత్తుకున్నాడు.

"అమ్మాయ్! ఆ రెండూ మా ఆవిడవే! నా సీసాలో ఉన్నది నాది కాదు! రెండుసార్లూ ఆవిడే వెళ్లింది!"

సూది మందు కోసం కూర్చున్న ముసలాయన లేచి నిలబడి మరీ చూశాడు. అత్త గోడకి తిరిగింది. నర్సమ్మాయి నోరెళ్లబెట్టింది, ఆ తర్వాత తల పట్టుకుంది, కాసేపటికి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. నవ్వాపుకోలేకపోయింది పాపం, చిన్నపిల్ల. కానీ అత్తని లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టేసరికి నవ్వు పోయింది.

"అత్తా, రక్తం రోజూ పడదు. ఒక రోజు పడుతుంది, ఒక రోజు పడదు. రెంటిలో ఒకటి బాలేదంటే బాలేనట్టే. చెల్లుకి చెల్లు కాదు. వెళ్లాలి."

అత్త బుర్ర ఊపింది.

గొట్టం వేసే ముందురోజు పేగు కడుక్కోవడానికి ఒక మందు తాగాలి. కూజాడు నీళ్లలో కలిపారు. అబ్బ, ఆ రుచి గురించి అడక్కండి! ఉప్పూ కాదు, తీపీ కాదు. ఇంట్లో ఉన్నది ఒక్కటే టాయిలెట్. అత్త పరిగెత్తుతుంటే మామ ముందు పరిగెత్తి తలుపు తీస్తున్నాడు, దీపం వేస్తున్నాడు, 'జాగ్రత్త, జాగ్రత్త' అని అరుస్తున్నాడు. రైలొచ్చినప్పుడు జెండా ఊపేవాడికైనా అంత ఆత్రం ఉండదు. నీరసపడి మంచం మీద కూర్చున్న అత్త, చివరి గ్లాసు చూసి మొహం చిట్లించింది. ఆటపట్టిద్దామని గొంతు మార్చి, "ఏవండీ, ఇది కొంచెం కానిచ్చెయ్యరూ" అంది.

మామ గ్లాసు అందుకున్నాడు, కళ్లు గట్టిగా మూసుకున్నాడు, పెదాల దాకా తీసుకుపోయాడు.

"అయ్యో, ఏంటండీ!" అని అత్త లాక్కుంది. సగం పక్క మీద ఒలికింది. మామ కళ్లు తెరిచి, "నేను తాగితే నీకు పనికిరాదంటావా?" అన్నాడు. నవ్వులాటకి కాదు, నిజంగానే అడుగుతున్నాడు. అత్త ఆ మిగిలిన సగం గడగడా తాగేసింది.

ఆసుపత్రిలో వెనకంతా తెరుచుకుని ఉండే గౌను ఇచ్చారు. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి, ముడతలు చూసి, "ఇంత అధ్వాన్నపు ఇస్త్రీ నేనెక్కడా చూడలేదు" అంది. చక్రాల మంచం మీద తోసుకుపోతుంటే మామ ఆవిడ చెప్పులు గుండెకి హత్తుకుని పక్కనే నడిచాడు. తలుపు దగ్గర ఆపేశారు.

"ఏవండీ" అంది అత్త. "నాకు భయంగా ఉంది."

"నాకూ అంతేనే" అన్నాడు మామ. ఆయన ఏడుపు ఆ అంతస్తంతా వినపడింది.

పేగులో పుట్టగొడుగులాంటి కండ ఒకటి కనపడింది. ఆ గొట్టంతోనే అక్కడే కోసి తీసేశారు. దాన్ని పరీక్షకి పంపి, ఆ జవాబొచ్చేదాకా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. జవాబు మంచిదే వచ్చింది. క్యాన్సర్ కాదు, వదిలేస్తే కొన్నేళ్లకి అయినా అయ్యేది. మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో డాక్టరు చెప్పారు. అత్త బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వుతూనే ఉంది. ఈసారి కూతురూ నవ్వింది, మామా నవ్వాడు, వ్యాను పక్కన నిలబడ్డ వాచ్‌మన్ కూడా నవ్వాడు.

షాపుకొచ్చిన నర్సమ్మాయికి ఈ కబురు చెప్తుండగా కూతురికే తట్టింది. "అయితే నాన్న బుద్ధిగా తన సీసా తను నింపుకుని ఉంటే, అమ్మది బాగుందనే తేలేది. అంతటితో అయిపోయేది."

ఇస్త్రీపెట్టె ఒక్కటే బుస్సుమంటోంది.

తర్వాత మామ మీసం లేచింది. "విన్నావా బావా!" అని గోడ అవతలి సెలూన్‌కి వినపడేలా అరిచాడు. "నా బద్ధకం బతికించిందయ్యా దీన్ని! పనిమంతుడైన మొగుణ్ణి చేసుకుంటే ఈపాటికి ఏమయ్యేదో!"

"చాల్లే మామయ్యా, సంబరం!" అంది నర్సమ్మాయి. "మీ అదృష్టం బాగుండి అత్త బయటపడింది. ఇంకోసారి ఇలా చేస్తే మీ ఇద్దరి జబ్బులూ కలిసిపోయి ఏది ఎవరిదో తెలీకుండా పోతుంది. ఇంతకీ మీ కడుపులో ఏముందో ఎవరికైనా తెలుసా?" అని సంచిలోంచి కొత్త పొట్లం తీసి కౌంటరు మీద పెట్టింది.

లేచిన మీసం అలాగే వాలిపోయింది.

మర్నాడు పొద్దున మామ పొట్లం పట్టుకుని లోపలికెళ్లాడు. తలుపు వేసుకున్నాడు. అత్త బయట నేల మీద కూర్చుని, తలుపుకి వీపు ఆనించి, సాక్సులు జతలు చేస్తోంది.

"ఏమేవ్!"

"నేను రాను."

"రమ్మన్లేదు. ఉన్నావా అని."

"ఉన్నాను. కానివ్వండి."

కాసేపు కాగితం గరగరలాడింది.

"ఏమేవ్, వెళ్లిపోయావా?"

"ఎక్కడికి పోతానండీ? ఇక్కడే ఉన్నాను."

అత్త ఇంకో రెండు జతలు మడిచింది. తర్వాత మామ గొంతు వచ్చింది, ఎప్పుడూ వినని చిన్న గొంతు. "ఆ రోజు నేను గనక ఆ సీసా నింపేసి ఉంటే... నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణే?"

అత్త చేతిలో ఒంటి సాక్సు అలాగే ఉండిపోయింది. కళ్లు తుడుచుకుంది. తల వెనక్కి వాల్చి తలుపుకి ఆనించింది.

"ఆ సంగతి తర్వాత చూసుకుందాం గానీ" అంది, "ముందు ఆ పుల్ల సంగతి చూడండి."